దొరువులో నీళ్లు ఉప్పెక్కితే

పడుకుందామంటే బావ గ్రూపులో పెట్టిన ప్లాట్ల కాయితం బుర్రలోంచి పోవడం లేదు. చీరాల దగ్గరట, సముద్రానికి నడిచి వెళ్లేంత దూరమట, 200 గజాలట. అదంతా సరే. "20 అడుగుల్లోనే తీపి నీళ్లు" అన్న ముక్క దగ్గర ఆగిపోయాను. అత్తయ్య అప్పుడే రెండు దండాల బొమ్మలు కూడా పెట్టేసింది.

వాడరేవు, రామాపురం, ఇటు సూర్యలంక దాకా ఆ ఇసుక నేలల్లో తీపి నీళ్లంటే వాన నీళ్లే. అక్టోబరు, నవంబరు వానలు ఇసుకలోకి ఇంకి, కింద ఉన్న ఉప్పునీటి మీద పాల మీద మీగడలా తేలుతుంటాయి. సముద్ర మట్టానికి ఒక అడుగు ఎత్తున మంచినీళ్లు నిలిస్తే, మట్టానికి దిగువన సుమారు 40 అడుగులు ఉంటాయని లెక్క. ఆ లెక్క తిరగబడితేనే భయం. పైన ఒక్క అడుగు తగ్గిపోయి అలాగే ఉండిపోతే, కాలక్రమంలో కింద ఉప్పు 40 అడుగులు పైకి జరుగుతుంది.

ఆ సంగతి తెలిసే పెద్దవాళ్లు బావులు కాకుండా దొరువులు తవ్వుకున్నారు. ఇసుకలో మనిషి లోతు గుంట. ఒడ్లు బాగా వాలుగా తీయాలి, నిలువుగా తీస్తే రాత్రికి రాత్రే జారి పూడుకుపోతుంది. అడుగున మోకాలి లోతు నీళ్లు ఉంటాయి. రెండు చేతులా రెండు కుండలు ముంచుకుని పైకెక్కి, వంగ నారు, మిరప నారు మళ్ల మధ్య నడుస్తూ జల్లుకుంటూ పోవాలి. నాలుగు విడతలు తోడితే నీళ్లు అడుగంటుతాయి. మళ్లీ ఊరేదాకా ఆగాల్సిందే. చాకిరీ మాటెలా ఉన్నా, ఆ ఆగడమే నేలను కాపాడింది. ఊరినంతే తోడారు కాబట్టి ఉప్పు కదల్లేదు. ఏటా వానలు వెలిశాక పూడిక తీసి, ఒడ్డు సర్దుకుంటే మళ్లీ వేసవి దాకా ఢోకా లేదు. ఎండాకాలం చివర్లో నారు ఆకుల అంచులు మాడితే, నీళ్లు ఉప్పెక్కాయని ఏ మీటరూ లేకుండానే తెలిసిపోయేది.

ఇప్పుడు ఈ తీరంలో లేస్తున్న రిసార్టుల బోరు ఇలా ఆగదు. నిలువుగా లోతుకి దించి గంటల తరబడి మోటారు వేస్తారు. గొట్టం అడుగున ఉప్పునీరు శంకువులా పైకి లేస్తుంది. ముందు ఆ బోరు చెడుతుంది, పక్కన ఇంకోటి వేస్తారు. తర్వాత చుట్టుపక్కల దొరువులు. పది మీటర్ల పొడవు, అయిదు వెడల్పు, 1.2 లోతున్న చిన్న ఈతకొలను నింపడానికే 60,000 లీటర్లు కావాలి. జల్ జీవన్ మిషన్ మనిషికి రోజుకి 55 లీటర్లు అంటుంది. అంటే వెయ్యి మందికి పైగా ఒక రోజు నీళ్లు. దీని మీద ఎవరికీ కోపం రాదేం?

నిబంధనలు లేక కాదు. తీరంలో కట్టడాలకి హద్దులు పెట్టే 2011 సీఆర్‌జెడ్ నోటిఫికేషన్‌లో బీచ్ రిసార్టులకు పెట్టిన షరతుల్లోనే రాశారు: పోటు గీత నుంచి 200 మీటర్ల లోపల భూగర్భ జలం తోడకూడదు. 200 నుంచి 500 మీటర్ల మధ్య భూగర్భ జల శాఖ ఒప్పుకుంటేనే. స్థలం 0.4 హెక్టారుకి తగ్గకూడదు. ఇసుక దిబ్బలు చదును చేయకూడదు. రెండు రిసార్టుల మధ్య జనం సముద్రానికి వెళ్లడానికి 20 మీటర్ల దారి వదలాలి. ఒడ్డు మీద నిలబడి అలివి వల లాగేవాళ్లకి ఆ దారి ప్రాణం. రెండు చివర్ల తాళ్లు పట్టుకున్న జట్లు ఒడ్డు వెంబడి ఒకదానివైపు ఒకటి జరుగుతూ లాగాలి, మధ్యలో కంచె వస్తే వల వేయడమే మానుకోవాలి.

ఇంతవరకూ రాసి చదువుకుంటే, రిసార్టులే వద్దన్నట్టుంది. పడుకునే ముందు నా మనసులో ఉన్నది అదే. కానీ సర్వి (సరుగుడు) తోట వేసి, కోతకి నాలుగేళ్లు ఆగి, తీరా కర్ర ధర పడిపోయిన రైతుని అమ్మొద్దని ఏ ముఖం పెట్టుకుని అడుగుతాం? ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ రోజుల్లో పల్లెలో నాలుగు గదులకు అతిథులొస్తే ఇల్లు గడుస్తుంది. రోడ్డు పడింది, రాత్రి పూట కూడా ఆటో దొరుకుతోంది. ఇది మంచే, సంతోషమే.

కాబట్టి రావద్దని కాదు, నిలువు బోరు వద్దు అంటాను. బాపట్ల వ్యవసాయ పరిశోధన కేంద్రం దొరువునే మెరుగుచేసి చూపించింది: చిల్లుల పీవీసీ గొట్టాలకి నైలాన్ జాలీ చుట్టి, నీటి పైపొరలో అడ్డంగా పరిచి, మధ్యలో వరల బావిలోకి వాలుగా కలపడం. జాలీ సరిగ్గా చుట్టకపోతే ఇసుక చేరి మూసుకుపోతాయి, మరీ లోతుగా పరిస్తే ఉప్పే వస్తుంది. తిన్నగా చేస్తే మోటారు పెట్టినా పైపొర నీళ్లే వస్తాయి. ఈతకొలను నిండదు, నిండకపోతే ఏం?

ఇంకొకటి. దొరువు చెడిన రైతు దగ్గర ఏ ఆధారమూ ఉండదు, "ఎండాకాలం కదా" అని పంపేస్తారు. నీళ్లలో కరిగిన లవణాలెన్నో చూపే టీడీఎస్ మీటరు పంచాయతీలో ఒకటి కొని, ప్రతి దొరువు, ప్రతి బోరు నీళ్లూ నెలకోసారి కొలిచి పుస్తకంలో రాయించాలి. తాగే నీటికి లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపు మంచిది, ఇంకో దారి లేకపోతే 2000 దాకా ఒప్పుకుంటారు. కొత్త బోరు పడకముందు అంకె, పడ్డాక అంకె, తేదీలతో సహా. బావకి ప్లాటు సంగతి కాదు, ముందు ఇది పంపుతాను.