మైపాడు పడవ, వదలని గీత: నాలుగో ఆదివారం

ఆదివారాలు మేనకోడలికీ మేనల్లుడికీ పక్కింటి పాపకూ ఫోన్‌తో ఫోటోలు తీయడం నేర్పిస్తున్నాను. నిన్న మైపాడు బీచ్ నుంచి నెల్లూరు వచ్చేసరికి పొద్దున పదిన్నర. పిల్లలు ముగ్గురూ దారిలోనే నిద్రపోయారు. నాకు మాత్రం ఆ పడవే కళ్ల ముందు ఆడుతోంది. మూడు వారాలుగా ఏడిపించిన తప్పు ఎక్కడుందో ఎట్టకేలకు దొరికింది. దిద్దుకోవడం మాత్రం ఒక్కరికే కుదిరింది.

ఫోటోల్లో తప్పు ఇదీ. ఇసక మీదికి లాగిపెట్టిన ఫైబర్ పడవ, వెనక సముద్రం, పైన ఆకాశం. నీళ్లూ ఆకాశమూ కలిసే గీత సరిగ్గా పడవ పైఅంచు మీదుగా పోతుంది. అంచు ఏదో, గీత ఏదో తెలియదు. పడవను తెచ్చి సముద్రానికి జిగురుతో అంటించినట్టుంటుంది. మేనకోడలికీ మేనల్లుడికీ ప్రతిసారీ ఇదే. అక్కడే నిలబడి నేను తీస్తే ఆ తప్పు రాదు.

మొదట స్క్రీన్ మీద గ్రిడ్, అంటే గళ్ల గీతలు, పెట్టించాను. గీతను పై మూడో వంతుకు జరపమంటే జరిపారు, దాంతోపాటు పడవా జరిగింది. (పిల్లలకు గ్రిడ్‌తో పాఠం మొదలుపెట్టడం నాకు మొదటినుంచీ ఇష్టం లేదు. గళ్లు చూస్తారు గానీ బొమ్మ చూడరు.) తర్వాత దూరం. పది అడుగులు వెనక్కి, ఇరవై, నలభై. పడవ చిన్నదైంది, గీత అంచును వదల్లేదు. రెండింతలు జూమ్ చేసినా అంతే. "నీ ఫోన్ మంచిది మామా, అందుకే నీకు వస్తాంది" అన్నాడు వాడు. ఫోన్లు మార్చుకున్నాం. నా పాత కెనాన్ కూడా చేతికిచ్చాను. అదే గీత.

నిన్న పక్కింటి ఏడేళ్ల పాపకు ఫోకస్ చూపిద్దామని మోకాళ్ల మీద కూర్చున్నాను. స్క్రీన్‌లో గీత కిందికి దిగిపోయి, పడవ అంచు ఆకాశంలోకి లేచి కనిపించింది. మెల్లగా లేచి నిలబడ్డాను. నాతోపాటే గీతా లేచింది, అంచును తాకి, దాటి పైకి పోయింది.

సంచిలో కుట్టుపని టేపు ఉంది, వెంటనే కొలిచాను. ఇసక నుంచి పడవ అంచు 44 అంగుళాలు. మేనకోడలు ఫోన్ పట్టే ఎత్తు 45, వాడిది 43. నాది 61, పాపది 38. పాప ఫోటోలు బాగొస్తుంటే అదృష్టం అనుకుంటూ వచ్చాను! చదునైన చోట సముద్రపు గీత ఎప్పుడూ కెమెరా ఎత్తులోనే కనిపిస్తుంది. వెనక్కి ఎంత నడిచినా ఆ ఎత్తు మారదు. ఆ ఇద్దరి ఎత్తూ పడవ ఎత్తూ ఒకటే కావడమే మా మూడు వారాల గోల.

అంటే పైకన్నా ఎక్కాలి, కిందికన్నా దిగాలి. మేనకోడలు వెనకున్న ఇసక దిబ్బ ఎక్కింది, మూడు జానల ఎత్తు. పడవ మొత్తం నీళ్ల మీద విడిగా, శుభ్రంగా వచ్చింది. వాడేమో కూర్చోమంటే "నిక్కరు తడుస్తాది" అని చేపల ట్రే తిరగేసి ఎక్కాడు. పన్నెండు అంగుళాలు కలిసొచ్చాయి గానీ ట్రే ఊగి ఫోటో చెదిరింది. ఇంకోసారి తీద్దామంటే అప్పటికే ఎండ తెల్లబడిపోయింది.

ఫోటోలో ఏది ఉండాలో ముందే చూసుకోవడానికి అట్టముక్కలో 6 సెంటీమీటర్లకు 4 కోసిన కిటికీ మాత్రం బాగా పనిచేస్తోంది. పెన్న ఒడ్డు నుంచి రంగనాథస్వామి గుడి గోపురం ముగ్గురూ చక్కగా తీశారు. ఫోన్‌లో ఎక్కువ వెడల్పు చూపించే 0.6 లెన్స్ మీద నేను పెట్టిన నిషేధం ఇంకా ఎత్తలేదు. దాంతో తీస్తే ముందు ఖాళీ ఇసక, వెనక చీమంత పడవ.

వచ్చే ఆదివారం నెల్లూరు బజారు, ట్రంకురోడ్డు. ఇదే లెక్క అక్కడా వేసి చూడాలని ఉంది. నా ఎత్తు నుంచి తీస్తే దగ్గరివాళ్ల తలలూ దూరంవాళ్ల తలలూ ఒకే వరుసలో, దండెం మీద ఆరేసినట్టు పడతాయి. పిల్లల ఎత్తు నుంచైతే దగ్గరివాళ్లు పైకి లేస్తారు, దూరంవాళ్లు కిందికి తగ్గుతారు. అక్కడ వాళ్లే నాకన్నా మేలేమో. మొదటి అంతస్తు నుంచి కూడా ఒక వరస తీయాలి, తెలిసిన బట్టలకొట్టు ఆయన్ని డాబా అడిగాను. చలికాలంలో పక్షుల కోసం నేలపట్టు పోదామని పాప ఇప్పటినుంచే పోరు. పోదాం గానీ, ముందు మైపాడు ఇంకోసారి పోవాలి, వంటింటి ప్లాస్టిక్ స్టూలు తీసుకుని. ఈసారి ఐదున్నరకల్లా ఇసక మీదుండాలి.