ఊరెళ్లాడు

మాది పర్లాకిమిడి. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, శ్రీకాకుళం జిల్లా. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు మా ఊరు ఇటు వచ్చింది గానీ మా క్రైస్తవ సంఘం ఆరాధన ఇప్పటికీ తెలుగులోనే. పిల్లలు బడిలో ఒడియా చదువుతారు కాబట్టి తెలుగు పాటలు ఒడియా అక్షరాల్లో రాసుకుని పాడతారు. "ళ" దగ్గర ఒక్కరూ తడబడరు, మా అబ్బాయితో సహా.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను మా మందిరం రేకుల్ని ఎగరేసుకుపోయింది. కొన్ని పక్కవాళ్ల కొబ్బరితోటలో దొరికాయి, వంకర్లు తిరిగి. టార్పాలిన్ కట్టాం. తర్వాత కరోనా. రేకుల కోసమని, ఇళ్లలో వండేటప్పుడు దేవుడికని తీసిపెట్టే పిడికెడు బియ్యం అమ్మిన డబ్బూ, స్తోత్ర కానుకలూ కలిపి దాచాం. 2022 జనవరిలో లెక్కలు చదివితే 11,400 రూపాయలకు బిల్లు లేదు. కోశాధికారి ఇనుప కొట్టుకు అడ్వాన్సు ఇచ్చానన్నాడు, చీటీ పోయిందన్నాడు. నేను లేచి, అందరి ముందూ, ఆయన భార్య ముందూ, "దొంగ" అన్నాను. ఆయన కుటుంబం ఆ సాయంత్రమే సంఘం వదిలేసింది. నేను గెలిచినట్టే కదా! అయినా తర్వాతి ఆదివారం నాక్కూడా కాళ్లు అటు పోలేదు. పెద్ద హాలూ, కీబోర్డూ ఉన్న ఇంకో సంఘానికి పోయి వెనక బెంచీలో కూర్చునేవాణ్ణి. అక్కడ ఎవరూ నా పేరు అడగలేదు. నిజం చెప్పాలంటే అది హాయిగానే ఉండేది.

2023 ఆగస్టులో పాస్టరుగారు ఫోన్ చేశారు. మైకు ఆంప్లిఫయర్ కాలిపోయిందట, చూడమన్నారు. మోటార్ వైండింగ్ షాపువాణ్ణి, పని కాదనలేను. ఆదివారం కాకుండా బుధవారం పోయాను, ఎవరూ ఉండరని. మా సంఘం మామ్మ ఉంది, ఊడుస్తూ.

"ఎప్పుడొచ్చినావు బావూ?" అంది, నేనేదో బస్సు దిగి వచ్చినట్టు.

ఆంప్లిఫయర్ కింద హాజరు పుస్తకం ఉంది. తీసి పక్కన పెట్టబోయి తెరిచాను. ఆ వంకర అక్షరాలు మామ్మవే. 9 మంది. 6. వాన, 4. ఒక వారం 2, అంటే ఆవిడా, పాస్టరుగారూ. ప్రతి వారం కింద రానివాళ్ల పేర్లు. నా పేరు పక్కన, "ఊరెళ్లాడు". పేజీ తిప్పాను. ఊరెళ్లాడు. జనవరి 16 నుంచి మొదలుపెట్టి లెక్కపెట్టాను. 82 ఆదివారాలు.

"మామ్మా, నేను ఊళ్లోనే ఉన్నాను కదా. నీకు తెలీదా?"

"తెలీకేటి? మానీసినాడని రాస్తే పేరు కొట్టీమంతారు. ఊరెల్లినోడు రాడేటి?"

సోల్డరింగ్ సరిగా పట్టలేదు ఆ రోజు. తెల్లారి మళ్లీ వెళ్లి చేశాను.

ఆ తర్వాతి ఆదివారం పాస్టరుగారు బైబిల్లో నెహెమ్యా 3 చదివారు. పేర్ల జాబితాతో మేమంతా నిద్రపోయే అధ్యాయం. ఈసారి నాకు నిద్ర పట్టలేదు. కూలిన యెరూషలేము గోడ తిరిగి కట్టినవాళ్లలో బంగారం పనివాళ్లున్నారు, షల్లూము కూతుళ్లున్నారు, ఎవరింటి ఎదుట ముక్క వాళ్లు బాగుచేసుకున్నవాళ్లున్నారు. తెకోవ ఊరి పెద్దలు మాత్రం ఆ పనికి మెడ వంచలేదని కూడా రాసుంది. నేను తల దించుకున్నాను. ఆ గోడ 52 రోజుల్లో పూర్తయింది. మా రేకులకు అయిదేళ్లు పట్టింది. నవంబరులో వేశాం, కొలతలు నావే, ఒక మూల ఇప్పటికీ కారుతుంది.

ఆ 11,400 లెక్క తేలలేదు. కోశాధికారి ఇంటికి రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి తలుపు తీయలేదు. రెండోసారి ఆయన భార్య మంచినీళ్లిచ్చింది, ఆయన లోపలే ఉండిపోయాడు. "ఆ మాట అన్నందుకు క్షమించమని చెప్పండి" అని ఆవిడతో చెప్పి వచ్చేశాను. ఆయనకు చెప్పిందో లేదో.

మామ్మకు కంట్లో శుక్లాలు. ఈ సంవత్సరం నుంచి పుస్తకం నా దగ్గరే. మొన్న ఆదివారం 23 మంది, పిల్లలతో కలిపి. కింద కోశాధికారి ఇంట్లోవాళ్ల నాలుగు పేర్లూ రాసి, పక్కన రాశాను: ఊరెళ్లారు.