పచ్చడి సీసా పక్కన మాత్రల షీట్లు

“అన్నా, ఈ షీటు మీద ఎర్రగా అచ్చేసిన అక్షరాలు ఒక్కసారైనా చదివారా?” అని మా కార్మికుల క్యాంపు క్లినిక్‌లోని మలయాళీ సిస్టర్ అడిగినప్పుడు నాకు ముందు కోపం వచ్చింది. ఆమె నెల్లూరులో నర్సింగ్ చదివింది, మన యాసలోనే మాట్లాడుతుంది. అందుకే ఆ మందలింపు సొంత చెల్లెలు నలుగురిలో నిలదీసినట్టు తగిలింది.

మాది ఉదయగిరి దగ్గర పల్లె. షార్జాలో స్టోర్ కీపర్‌గా పదకొండేళ్ళుగా పనిచేస్తున్నాను. నా రూములో ఉండే కుర్రవాడిది చీమకుర్తి. గ్రానైట్ క్వారీల్లో నాలుగేళ్ళు పనిచేసేసరికి అతనికి నడుములో డిస్కు జారింది. నేను సెలవు ముగించుకుని బయలుదేరే రోజు వాళ్ళమ్మ కావలి స్టేషనుకు వచ్చి, గోంగూర పచ్చడి సీసా, కజ్జికాయల డబ్బా, వాటి మధ్య పాత చీరముక్కలో చుట్టిన నొప్పి మాత్రల షీట్లు నా చేతిలో పెట్టేది. “ఇయ్యి లేకపోతే వాడు పనికి పోలేడంట నాయనా” అనేది. ఊరినుంచి వచ్చేవాడి సంచిలో నలుగురి మూటలు ఉండటం మనకు కొత్త కాదు కదా, వాటిని విప్పి చూడటం అమర్యాదని నేను అనుకునేవాణ్ణి.

ఆ షీటులోని ఒక్కో మాత్రలో ట్రమడాల్ 37.5 మిల్లీగ్రాములు, పారాసిటమాల్ 325 మిల్లీగ్రాములు ఉన్నాయని సిస్టర్ చదివి వినిపించింది. ట్రమడాల్ నల్లమందు నుంచి తీసే మార్ఫిన్ లాగే మెదడు మీద పనిచేసే మందు. మన దేశంలోనే 2014 నుంచి దీన్ని అమ్మే దుకాణదారు డాక్టరు పేరు, రోగి పేరు వేరే రిజిస్టరులో రాసి మూడేళ్ళు దాచాలి, 2018 ఏప్రిల్‌లో మాదకద్రవ్యాల చట్టం కిందికి కూడా తెచ్చారు. అయినా వాళ్ళమ్మ కొనే దుకాణంలో పాత చీటీ చూపిస్తే ఇచ్చేవారట. యూఏఈలోకి తేవాలంటే ప్రభుత్వం ముందస్తు అనుమతి కావాలని, ఇంకొకరి కోసం సంచిలో వేసుకుని వస్తే జైలుకు పోవలసి వస్తుందని ఆమె చెబుతుంటే, విమానాశ్రయంలో నా పెట్టె యంత్రంలోకి వెళ్ళిన ప్రతిసారీ గుర్తుకు వచ్చి చెమట పట్టింది.

అయితే నన్ను ఈనాటికీ వదలనిది కేసు భయం కాదు. ఆ కుర్రవాడు మొదట రోజుకు రెండు మాత్రలు వేసుకునేవాడు, ఏడాది తిరిగేసరికి ఆరుకు చేరాడు. ఆ సంగతి పక్క మంచం మీద పడుకునే నాకు తెలియలేదు. మలబద్ధకంతో బాధపడుతుంటే హోటలు తిండి పడలేదనుకున్నాను. మధ్యాహ్నం స్కాఫోల్డింగ్ మీద తూగుతుంటే ఎండదెబ్బ అనుకుని మజ్జిగ ఇచ్చాను. మాత్రలు అయిపోయిన వారంలో అతను ఆగకుండా ఆవులించడం, ముక్కూ కళ్ళూ కారడం, చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం, రాత్రంతా కాళ్ళు విదిలిస్తూ నిద్రపోకపోవడం చూసి, జలుబుకు తోడు ఇంటి బెంగ అని రూములో అందరం తేల్చేశాం. అవన్నీ శరీరం ఆ మందుకు అలవాటుపడి, అది అందక పడే యాతన అని సిస్టర్ ఒక్క చూపులో పట్టేసింది.

ఆమె అడిగిన ప్రశ్నలు నాకు ఇప్పటికీ వరుసగా గుర్తున్నాయి: ఎన్నాళ్ళ నుంచి వాడుతున్నావు, ఎప్పుడైనా మూర్ఛ వచ్చిందా, నిద్రమాత్రలు వేసుకుంటావా, మద్యం తాగుతావా, దిగులు తగ్గడానికి వేరే మందులేమైనా ఉన్నాయా. ట్రమడాల్ వల్ల మూర్ఛ రావచ్చు, దిగులు తగ్గించే కొన్ని మందులతో కలిస్తే ఆ ప్రమాదం పెరుగుతుంది. నిద్రమాత్రతోనో మద్యంతోనో కలిస్తే ఊపిరి మందగించి, పడుకున్న మనిషి పడుకున్నట్టే పోవచ్చు. అలాగని ఒక్కసారిగా మానేయకూడదని చెప్పి, అతన్ని తానే డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. మోతాదు కొద్దికొద్దిగా తగ్గిస్తూ మాన్పించడానికి రెండు నెలలకు పైగా పట్టింది.

నేను మా వాళ్ళ పక్షాన ఒక మాట చెప్పుకోవాలి. మాకు చదువు లేక ఇలా చేశామని ఆమె అనుకోకూడదని ఆ రోజు గట్టిగా వాదించాను. క్వారీలో రోజు కూలి పోగొట్టుకుని ఒంగోలు వెళ్ళి, స్కానింగుకు డబ్బు కట్టి, డాక్టరు కోసం పొద్దంతా కూర్చునే వీలు ఎవరికుంది? ఇక్కడ మాత్రం నడుము నొప్పి అంటే ఫోర్‌మన్ ముందు చూసేది హాజరు పట్టీనే. ఊళ్ళో అయితే నొప్పి అన్నవాడికి ఎవరో ఒకరు ఇసుక వేయించి కాపడం పెడతారు, ఇక్కడ ఆ చేయి లేదు కాబట్టే ఆ తల్లి మాత్రలు పంపింది. సిస్టర్ అంతా విని, “ప్రేమతో పంపినా మాత్ర మాత్రలాగే పనిచేస్తుంది అన్నా” అంది. నాకు బదులు దొరకలేదు.

ఈసారి సెలవు ముగిసి బయలుదేరినప్పుడు కావలి ప్లాట్‌ఫారం మీదే మూట విప్పి, షీట్లు తీసి ఆ తల్లికి తిరిగి ఇచ్చాను. అబ్బాయిని స్టోరులో కూర్చుని చేసే పనికి మార్చారని, నడుముకు వ్యాయామం చేయిస్తున్నారని చెప్పాను. ఆమె చాలాసేపు ఏమీ అనకుండా షీట్లు కొంగులో ముడివేసుకుంటూ, “అయితే వాళ్ళ నాయన కూడా మోకాళ్ళకు ఇయ్యే ఏసుకుంటన్నాడే అబ్బయా, రాత్రి నిద్రమాత్రతో కలిపి” అంది. రైలు రావడానికి ఇంకా పది నిమిషాలుంది. షార్జాకు ఫోను కలిపి, సిస్టర్ పలకగానే ఆమె చేతికి ఇచ్చాను.