చెస్ సాధన: ఎత్తులతో పాటు గడియారమూ చూస్తున్నాను

ఈ మధ్య పజిళ్లు తగ్గించాను. పెద్ద ఆటగాళ్ల గేములు గడియారంతో సహా చూస్తున్నాను. లైచెస్ అనే చెస్ వెబ్‌సైట్‌లో పెద్ద టోర్నమెంట్ల గేములు దించుకుంటే, చాలావాటిలో ప్రతి ఎత్తు పక్కన ఆటగాడికి ఎంత టైమ్ మిగిలిందో కూడా ఉంటుంది. దాన్నిబట్టి ఎంతసేపు ఆలోచించాడో లెక్కేసుకోవచ్చు. 52 నిమిషాలున్నవాడికి ఎత్తు వేశాక 31 నిమిషాల 30 సెకన్లు మిగిలాయనుకోండి, తేడా 20 నిమిషాల 30 సెకన్లు. ఎత్తుకు 30 సెకన్లు కలిసే గేమైతే ఆ సెకన్లు కలుపుకోవడం మరవొద్దు, అప్పుడు ఆలోచించింది 21 నిమిషాలు.

మొదట అర్జున్ ఇరిగేశి గేములు పట్టుకున్నాను. మన ఓరుగల్లు పిల్లగాడన్న అభిమానం ఉంది, దాచడమెందుకు? 2024 బుడాపెస్ట్ చెస్ ఒలింపియాడ్‌లో భారత జట్టు తరఫున మూడో బోర్డు మీద 11కి 10 పాయింట్లు కొట్టాడు. డిసెంబర్‌కల్లా ఫిడే (ప్రపంచ చెస్ సమాఖ్య) రేటింగ్ 2801.

పద్ధతి ఇదీ. ఓపెనింగ్ దాటేదాకా గబగబా నడిపిస్తాను. ఆ తర్వాత ఫోన్ బోర్లా పెట్టి, చెక్క బోర్డు ముందు కూర్చుంటాను. తోచిన రెండు మూడు ఎత్తులు, ఒక్కోదానికి ఎదుటివాడి గట్టి జవాబు నోట్‌బుక్‌లో రాసి, ఒకటి తేల్చుకుంటాను. పది నిమిషాలు దాటనివ్వను. ఇంజిన్ (ఎత్తులు లెక్కేసి చెప్పే చెస్ ప్రోగ్రామ్) మాత్రం గేమంతా అయ్యాకే. మధ్యలో తెరిస్తే బుర్ర పని మానేస్తుంది.

ఇలా చూస్తుంటే తెలిసిందేమిటంటే, వాళ్లు ప్రతి ఎత్తుకీ ఒకేలా ఆలోచించరు. వరసగా టకటకా వేసుకుంటూ పోయి, ఒక్కచోట ఇరవై నిమిషాలు కూర్చుంటారు. ఎక్కువగా రెండు చోట్ల: పావులు మార్చుకునే ముందు, బోర్డు మధ్యలో బంటును తోసే ముందు. రెండూ వెనక్కి తీసుకోలేనివే. అందుకే నోట్‌బుక్‌లో ‘తిరిగిరానిది’ అని ఒక గడి పెట్టుకున్నాను. అక్కడ టిక్ పడితేనే పది నిమిషాలూ వాడతాను, లేకపోతే రెండే.

మరి మిగతా ఎత్తులు అంత వేగంగా ఎలా? డచ్ మనస్తత్వవేత్త డి గ్రూట్ 1940ల్లోనే ఆటగాళ్లను పైకి మాట్లాడుతూ ఆలోచించమని పరీక్షించాడు. గ్రాండ్‌మాస్టర్లు మిగతా మంచి ఆటగాళ్ల కంటే మరీ లోతుగా లెక్కలు వేయలేదు. మంచి ఎత్తు మాత్రం వాళ్లకు తొందరగా కంట్లో పడింది. మా అన్న కొడుకు పక్కన కూర్చుంటే ఇది బాగా అర్థమవుతుంది. నేనింకా రాస్తూనే ఉంటాను, వాడు “కాకా, గుర్రం కాదు, బంటు జరుపుతడు సూడు” అంటాడు. ఎందుకంటే చెప్పలేడు. చాలాసార్లు వాడిదే కరెక్ట్.

కంటిని నమ్ముకున్నా తిరిగిరాని చోట ఆగాల్సిందే. 2024 డిసెంబర్ 12న సింగపూర్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ కోసం డింగ్ లిరెన్, మన గుకేశ్ ఆడిన పద్నాలుగో గేమ్ చూడండి. డింగ్‌కు ఒక బంటు తక్కువ, అయినా డ్రా చేతిలోనే ఉంది. 55వ ఎత్తులో రూక్‌ను ఎఫ్2 గడికి తెచ్చి మార్పిడికి సిద్ధపడ్డాడు. అతని బిషప్ ఎ8 మూలలో ఉంది, మార్పిడి తప్పించుకునే చోటు లేదు. రూక్‌లు పోగానే గుకేశ్ తన బిషప్‌ను డి5లో పెట్టి దాన్నీ మార్పించాడు. మిగిలింది రాజులూ బంట్లే, ఒక బంటు ఎక్కువున్న గుకేశ్ గెలిచాడు. రూక్ ఎఫ్2కి వచ్చిన క్షణంలో గుకేశ్‌కూ అది కనబడలేదట, తర్వాత తనే చెప్పాడు. మరో ఎత్తు వేయబోయి ఆగాడు.

ఇక నుంచి ఆదివారం ఆటల్లో నా స్కోర్ షీట్ మీద కూడా ప్రతి ఎత్తు పక్కన మిగిలిన టైమ్ రాస్తాను. పావుగంట ఆటల్లో అది కుదరదు, గంట ఆటల్లోనే.