లాటినాలో ఒక 'కలకత్తా'

రోమ్ చూడ్డానికి వచ్చినవాళ్లెవరూ లాటినా వెళ్లరు. నేను వెళ్తున్నానంటే ఆఫీసులో ఇటాలియన్లే నవ్వారు. "అక్కడేముంది?" అని ఒకరు, "దోమలు" అని ఇంకొకరు.

నేను వెళ్లింది ఓ పాటగాడి ఊరు చూడ్డానికి. అసలు పేరు ఎడోఆర్డో డెర్మె. 1989లో లాటినాలో పుట్టాడు. పాటలు రాసేదీ, బాణీ కట్టేదీ, పాడేదీ తనే, అంటే మన లెక్కలో వాగ్గేయకారుడు. పెట్టుకున్న పేరు మాత్రం 'కల్కుత్తా'. బెంగాల్‌తో ఏ చుట్టరికమూ లేదు.

రోమ్ తెర్మినీ స్టేషన్‌లో నేపుల్స్ వైపు వెళ్లే మామూలు రైలెక్కితే గంటలోపే చేరిపోతాం. అయితే దిగేది ఊళ్లో కాదు, లాటినా స్కాలో అనే చోట. అక్కణ్ణుంచి ఊరికి ఇంకా కొన్ని కిలోమీటర్లు బస్సులో పోవాలి. దారి పొడవునా చదునైన నేల, తిన్నగా సాగే కాలువలు, గాలికి అడ్డంగా నాటిన యూకలిప్టస్ చెట్లు. ఒకప్పుడు ఇదంతా పొంతీనో చిత్తడి, మలేరియాకి పుట్టిల్లు. దాన్ని ఎండగట్టాలని పోప్‌లు కూడా ప్రయత్నించారు. చివరికి ముస్సోలినీ కాలంలో కాలువలు తవ్వి, పంపులు పెట్టి నీళ్లు తోడేశారు. 1932 జూన్ 30న పునాది రాయి వేసి, అదే ఏడాది డిసెంబరు 18న 'లిత్తోరియా' పేరుతో ఊరు ప్రారంభించేశారు. వెనెతో, ఫ్రియూలీల నుంచి పేద రైతు కుటుంబాలను తెచ్చి దింపారు. యుద్ధం అయ్యాక ఊరికి లాటినా అని పేరు మార్చారు గానీ కట్టడాలను ఎవరు మార్చగలరు? పియాత్సా దెల్ పోపోలోలో గడియారపు స్తంభం, చుట్టూ బరువైన రాతి భవనాలు. కాస్త అవతల, పైనుంచి చూస్తే 'ఎం' ఆకారంలో కనిపించే పలాత్సో ఎమ్మె. ఆ 'ఎం' ఎవరి పేరులోదో చెప్పనక్కర్లేదు.

నిజం చెప్పాలంటే అందమైన ఊరు కాదు. తిరిగినకొద్దీ ఆ పాటలు మాత్రం నాకు ఇంకా బాగా అర్థమయ్యాయి. ఇటలీ అనగానే మనకు గుర్తొచ్చే గోండోలాలు, వెన్నెల, వైన్ గ్లాసులు వీటిలో ఉండవు. ఫ్రోసినోనే అని పక్క జిల్లా ఊరి పేరు మీద ఒక పాట ఉంది. ఆ ఊరి ఫుట్‌బాల్ జట్టు 2015లో మొదటిసారి ఇటలీ అగ్రశ్రేణి లీగ్ 'సీరీ ఆ'కి ఎక్కింది, ఆ సంగతీ పాటలోకొచ్చింది. మరో పాట పేరు 'హ్యూబ్నర్'. చిన్న జట్ల నుంచి పైకొచ్చి, ముప్పై అయిదేళ్ల వయసులో పియాచెంత్సా తరఫున ఆడుతూ 2002లో సీరీ ఆ అత్యధిక గోల్స్ వీరుల్లో ఒకడిగా నిలిచిన దారియో హ్యూబ్నర్ పేరది. 'పారాచెతమోలో' అయితే సాక్షాత్తూ జ్వరం బిళ్ల. డోలో 650 మీద మనవాళ్లెవరైనా ప్రేమపాట కడితే ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది. నవ్వొస్తుంది, తర్వాత గుండె పట్టేస్తుంది.

2012లో మొదటి ఆల్బమ్ 'ఫోర్సె' తెచ్చినప్పుడు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. బోంబా దిస్కి అనే చిన్న సంస్థ 2015 చివర్లో విడుదల చేసిన 'మెయిన్‌స్ట్రీమ్'తో దశ తిరిగింది. పేరు వెటకారంగా పెట్టాడేమో గానీ వెటకారమే నిజమైంది. ఇండీ పాటలు, అంటే పెద్ద కంపెనీల అండ లేకుండా చేసుకునే పాటలు, ఎఫ్ఎం రేడియోల్లోకి దూరాయి, ఆ ధోరణికి పత్రికలు 'ఇట్‌పాప్' అని పేరు పెట్టాయి. ఆ తర్వాత అలాంటి గొంతుతో, అలాంటి నిట్టూర్పులతో వచ్చినవాళ్లలో చాలామందిని నేను పూర్తిగా వినలేకపోయాను. 2018లో వచ్చిన 'ఎవర్‌గ్రీన్' మాత్రం ఇప్పటికీ వింటాను. ఆ ఏడాదే ఎలీసా లాంటి పెద్ద గాయనికీ పాట రాశాడు. తర్వాతి ఆల్బమ్ 'రిలాక్స్' కోసం 2023 దాకా ఆగాల్సి వచ్చింది. ఈ నిదానం నాకు నచ్చుతుంది.

'ఎవర్‌గ్రీన్' వచ్చిన వేసవిలో అతను ఎంచుకున్న రెండు వేదికలు చూడండి. జులై 21న సొంతూరి ఫుట్‌బాల్ మైదానం ఫ్రాంచోని, ఆగస్టు 6న రోమన్ల కాలపు వెరోనా అరేనా. ఫ్రాంచోని దాకా నడిచాను. గేటుకి తాళం. ఎదురుగా బార్‌లో కాఫీ తాగుతూ ఆ కచేరీ గురించి అడిగితే, యజమాని భుజాలెగరేసి "మా కుర్రాడేగా" అన్నాడు, కప్పులు కడుగుతూనే.

మధ్యాహ్నం సముద్రం వైపు వెళ్లే బస్సెక్కాను. కిటికీ బయట ప్లాస్టిక్ గుడారాలు, వాటి మధ్య ద్రాక్ష తోటల్లా అల్లిన కివీ పందిళ్లు. ఇక్కడి కివీకి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. 'కివీ' అని అతని పాట ఒకటుంది కూడా. ఆ పందిళ్ల కింద పనిచేసేది, రోడ్డు వారన తలపాగాలతో సైకిళ్లు తొక్కుతూ కనిపించేది పంజాబ్ నుంచి వచ్చినవాళ్లు. కూలి గిట్టక 2016 ఏప్రిల్‌లో ఇదే ఊళ్లో వీళ్లు సమ్మె చేశారు. 2024 జూన్‌లో యంత్రంలో చేయి తెగిన ఓ భారతీయ కూలీని పనిలో పెట్టుకున్నవాళ్లు ఆసుపత్రికి చేర్చకుండా అతని ఇంటి ముందు వదిలేసి పోయారు. రెండు రోజులకు అతను చనిపోయాడు. ఇటలీ అంతా అట్టుడికింది.

పక్క సీట్లో కూర్చున్న పెద్దాయనతో హిందీలో మాట కలిపాను. హోషియార్‌పూర్ అట. కలకత్తా అనే గాయకుడి ఊరు చూడ్డానికొచ్చానని చెప్తే, "బెంగాలీనా?" అన్నాడు. కాదు, ఇక్కడివాడే అన్నాను. ఫోన్‌లో 'కివీ' పెట్టి ఒక ఇయర్‌ఫోన్ ఆయనకిచ్చాను. సగం దాకా శ్రద్ధగా విన్నాడు.

"తోట పని గురించి ఏమన్నా చెప్పాడా?"

"లేదు పాజీ."

"మరి కివీ ఎందుకు?" అని ఇయర్‌ఫోన్ తిరిగిచ్చేసి, తన ఫోన్ తీసి ఓ పంజాబీ పాట పెట్టాడు, స్పీకర్ మీదే. ఆయన దిగే స్టాప్ వచ్చేదాకా బస్సంతా అదే విన్నాం.