ఉడుత కాపాడిన మ్యాచ్
నిన్న రాత్రి పోకెమాన్ వీడియో గేమ్ డబుల్స్‌లో (ఒక్కో వైపు రెండేసి పోకెమాన్‌లు తలపడే ఆట) పచిరిసు అనే పోకెమాన్‌ని దింపాను. అటాక్ 45 మాత్రమే ఉన్న ఉడుత, ఎవరు లెక్కచేస్తారు? పక్కన నా రెండో పోకెమాన్ గ్యారడోస్. దానికి కరెంటు దెబ్బ 4 రెట్లు తగులుతుంది, అందుకే ఎదుటివాళ్లు థండర్‌బోల్ట్ వదిలారు. పచిరిసు 'ఫాలో మీ' అని ఆ దెబ్బని తన మీదకి లాక్కుంది. దానికి కరెంటు దెబ్బని హెల్త్‌గా మార్చుకునే వోల్ట్ అబ్జార్బ్ ఉంది కదా, అప్పటికే తగ్గిన హెల్త్ కాస్తా పెరిగింది! ఈలోగా గ్యారడోస్ తన అటాక్, వేగం పెంచే డ్రాగన్ డాన్స్ వేసుకుంది. ఇక దాన్ని ఆపడం వాళ్ల తరం కాలేదు.

పచిరిసు ఇంకో మూవ్ సూపర్ ఫ్యాంగ్ అయితే ఎంత గట్టిదానికైనా ఉన్న హెల్త్‌లో సగం లాగేస్తుంది. అటాక్ ఎంతన్నది దానికి అనవసరం.

2014లో వాషింగ్టన్‌లో కొరియా ఆటగాడు సేజున్ పార్క్ ప్రపంచ ఛాంపియన్ అయింది పచిరిసు ఉన్న టీమ్‌తోనే. దాన్ని లక్ అంటే నాకు ఒళ్లు మండుతుంది. ప్రతి మూవ్ వెనకా లెక్క ఉంది.