తులిప్‌లు, మూడో ఏడు: బెంగళూరు జేపీ నగర్ బాల్కనీ లెక్కలు

నవంబర్ 22

పార్సెల్ వచ్చింది. పాత పేపర్ పరిచి గడ్డలన్నీ పోసి, ఒక్కొక్కటీ వేలితో నొక్కి చూశాను. రెండు మెత్తబడ్డాయి, ఒకదానికి నీలం బూజు. బూజు పైపొర దాటి లోపలికి పోలేదు, తుడిచి పక్కన పెట్టుకున్నా. మెత్తవి ఎందుకూ పనికిరావు. కోపంగా ఫొటోలు తీసి పంపితే, "మూడు ఎక్కువ వేశాం, లెక్క చూసుకోండి మేడమ్" అని జవాబు. చూస్తే నిజమే, నలభైకి నలభై మూడు ఉన్నాయి. ఇక ఏం గొడవపడతాం!

ఈసారి రకాలు: స్ట్రాంగ్ గోల్డ్ పదహారు (పోయినవి పోను), అపెల్డూర్న్ పది, స్ప్రింగ్ గ్రీన్ పది, లేడీ జేన్ అయిదు. తులిప్ గడ్డకు కొన్ని వారాల చలి తగిలితేనే పూస్తుంది, ఇవన్నీ ముందే చలిలో ఉంచి అమ్మేవి. గడ్డ ఒకటికి దాదాపు 70 రూపాయలు పడింది.

ఈ నాలుగే ఎందుకో చెప్పాలంటే నా తెలివితక్కువతనం కొంత చెప్పుకోవాలి. శ్రీనగర్‌లో జబర్వాన్ కొండల కింద తులిప్ తోట ఉంది కదా. అది చూసి వచ్చాకే ఈ పిచ్చి పట్టుకుంది. అక్కడ ముందు పూసేవి, నడిమికాలంవి, ఆలస్యంగా పూసేవి కలిపి నాటుతారు. ఒక మడి వాడుతుంటే ఇంకో మడి విచ్చుకుంటుంది, దాదాపు నెల రోజులు చూడొచ్చు. నేనూ అదే ఇక్కడ చేద్దామని మొదటి ఏడు మాంటె కార్లో, అపెల్డూర్న్, క్వీన్ ఆఫ్ నైట్ తెచ్చి ఒకే రోజు నాటాను. వరసగా పూస్తాయనుకుంటే మొదటి రెండూ కలిసే పూసి, పద్నాలుగు రోజుల్లో మొత్తం అయిపోయింది. క్వీన్ ఆఫ్ నైట్ అయితే ఆకులేసి ఊరుకుంది. ఆలస్యపు రకాలకు చలి ఇంకా ఎక్కువ వారాలు కావాలి.

కాశ్మీరులో మట్టి కొద్దికొద్దిగా వేడెక్కుతుంది. తక్కువ వేడి చాలినవి ముందు లేస్తాయి, మిగతావి ఆగుతాయి. బెంగళూరులో ఆ మెట్లు లేవు. ఫ్రిజ్‌లో 4 డిగ్రీల నుంచి బాల్కనీలో 26 డిగ్రీలకు ఒక్క దూకుడు. అందుకే ఇక్కడ ఎక్కువ రోజులు పూలు కావాలంటే అట్ట మీద రాసిన 'ఎర్లీ, లేట్' కంటే ఫ్రిజ్‌లోంచి ఏ రోజు తీశామన్నదే ముఖ్యం. రకం చూసుకోవాల్సింది ఎండకు పువ్వు ఎన్నాళ్లు నిలుస్తుందని.

నవంబర్ 24

మొదటి విడత: స్ట్రాంగ్ గోల్డ్ ఎనిమిది, అపెల్డూర్న్ అయిదు. మిగతావి చిల్లులు పొడిచిన కాగితం సంచిలో, ఫ్రిజ్ కింది అరలో. ఆ అర మొత్తం వీటికే. పండ్లన్నీ బయట బుట్టలోకి వెళ్లాయి. మా అత్త చూసి, "ఎర్రగడ్డలకు ఏసీ, ఆపిళ్లకు ఎండా?" అంది.

పోయిన ఏడు దసరాకు వచ్చిన ఆపిళ్లూ జామకాయలూ ఆ అరలోనే గడ్డల మీద రెండు వారాలున్నాయి మరి. పండే పండు ఇథిలీన్ అనే వాయువు వదులుతుంది. తులిప్ పువ్వు మనమేదో నాటాక పుట్టేది కాదు, గడ్డ మన చేతికి వచ్చేసరికే లోపల బుల్లిగా తయారై ఉంటుంది. ఆ వాయువుకు అది అక్కడే చచ్చిపోతుంది. ఆకులు పచ్చగా, బలంగా వచ్చాయి, మొగ్గ మాత్రం ఉల్లిపొట్టులా ఎండిపోయి బయటపడింది. ఒక గడ్డ కోసి చూస్తే మధ్యలో బూడిదరంగు పీచు. పన్నెండు వారాలు కాపలా కాసి చూసింది అది.

మట్టి: ఎర్రమట్టి ఒక పాలు, కోకోపీట్ (కొబ్బరిపీచు పొడి) ఒక పాలు, ముతక ఇసుక ఒక పాలు, కుండీకి గుప్పెడు వేపపిండి. ఎరువు అక్కర్లేదు, ఈ ఒక్క పూతకు సరిపడా తిండి గడ్డలోనే ఉంది. నీళ్లు నిలిస్తే మాత్రం కుళ్లుతుంది. పన్నెండంగుళాల కుండీలో ఏడెనిమిది, ఒకదానికొకటి తగలకుండా, గడ్డ ఎత్తుకు రెండింతల మట్టి పైన ఉండేలా. గడ్డకు ఒకవైపు చదునుగా ఉంటుంది, దాన్ని కుండీ అంచు వైపు తిప్పితే మొదటి పెద్దాకు బయటికి వాలుతుంది, మధ్యలో గుంపు కట్టదు. గోధుమరంగు పొట్టు వలిస్తే వేర్లు త్వరగా దిగుతాయి. గ్లవ్స్ వేసుకోండి. నేను వేసుకోలేదు, రెండు రోజులు వేలికొసలు మండి దురద పెట్టాయి.

కుండీలు యుటిలిటీలో, వాషింగ్ మెషీన్ వెనక, తడి గోనెపట్టా కింద. తెల్లవారుజామున అక్కడ 19 డిగ్రీలు. మట్టి మీద ఐసు ముక్కలు పెట్టమని చాలామంది చెప్తారు. పెట్టి చూశాను. మన తృప్తికే.

డిసెంబర్ 8

రెండో విడత: మిగిలిన స్ట్రాంగ్ గోల్డ్, అపెల్డూర్న్, లేడీ జేన్. లేడీ జేన్ గడ్డ వెల్లుల్లి రెబ్బంత ఉంటుంది, కుండీలో పోతే వెతకలేం. మొదటి విడత మొలకలు రెండంగుళాలు. గోనెపట్టా తీసేశా.

డిసెంబర్ 22

స్ప్రింగ్ గ్రీన్ నాటాను.

జనవరి 4

మొదటి స్ట్రాంగ్ గోల్డ్ విచ్చుకుంది. నలభై ఒక్క రోజులు. కాడ జానెడు కంటే కాస్త ఎక్కువ, అట్ట మీది బొమ్మలో సగం. చలి చాలకపోతే కాడ సాగదు, ఇంతే.

తూర్పు బాల్కనీలో పదకొండింటికల్లా రేకులు సాసర్‌లా పరుచుకుంటున్నాయి, సాయంత్రానికి మూసుకుంటున్నాయి. తెరుచుకున్న ప్రతిసారీ రేకు కాస్త కాస్త పెరుగుతుంది. ఎండకు ఎక్కువ తెరుచుకుంటే త్వరగా ముసలిదవుతుంది.

జనవరి 6

రోజూ పూలు తెచ్చే ఆమెది కోలారు వైపు, తెలుగు మాట్లాడుతుంది. గేటు దగ్గర నిలబడి పైకి చూసి, "ఇదేం పువ్వక్కా, వాసనే లేదంటివి. మాలకు రాదు, కొప్పుకు నిలవదు" అంది. తర్వాత గంప మీది తడిగుడ్డ ఎత్తి చూపించింది. "మావి రేపటికీ ఇట్లే ఉంటాయి. మీరు పెట్టి ఎండపోస్తా ఉండారు."

ఆ మధ్యాహ్నమే స్ట్రాంగ్ గోల్డ్ ఉన్న రెండు కుండీల్లో ఒకటి ఉత్తరం వైపు వరండాలోకి మార్చాను. బాల్కనీలో ఉన్నది అయిదో రోజుకు రాలింది. వరండాది పది రోజులు నిలిచింది. ఒకే రకం, ఒకే రోజు నాటినవి. ఇకమీద మొగ్గకు రంగు వచ్చేదాకే ఎండ, ఆ తర్వాత నీడే.

జనవరి 26

రెండో విడత 17న విచ్చుకుంది. లాల్‌బాగ్ పూల ప్రదర్శనకు అనంతపురం నుంచి మరుదులు, తోడికోడళ్లు వస్తారని ఆ లెక్కతోనే నాటాను. వచ్చినవాళ్లు లాల్‌బాగ్‌లో జనాన్ని చూసి, మా వరండాలో పూలను చూశారు. చిన్న మరిది, "వదినా, ప్లాస్టిక్కా?" అని రేకు గిల్లి చూశాడు.

అపెల్డూర్న్ గురించి: పెద్ద ఎర్ర కప్పు, దూరానికి దీనంత అందం ఇంకోదానికి లేదు. కానీ నీడలో కూడా ఏడు రోజులే. ఒక్కసారిగా రేకులన్నీ జారి నేలమీద పడతాయి, తాంబూలం పళ్లెం ఒలికినట్టు.

లేడీ జేన్ అయిదింటిలో నాలుగు పూశాయి. ఇది క్లూసియానా జాతి, పుట్టిల్లు ఇరాన్, అఫ్గానిస్తాన్ కొండలు, కాబట్టి ఎండాకాలం దీనికి కొత్త కాదు, చలీ తక్కువే చాలు. ఆకు గడ్డిపోచలా ఉంటుంది. మూసుకున్నప్పుడు బయట గులాబీ గీతలతో పెన్సిల్ లాగా, తెరిస్తే లోపల తెలుపు. రెండో విడత అయిపోయినా ఫిబ్రవరి 2 దాకా ఒంటరిగా నిలిచింది.

ఫిబ్రవరి 16

స్ప్రింగ్ గ్రీన్ ఆఖరి పువ్వు వాలిపోయింది. 3న మొదలైంది. పదింటిలో ఆరే పూశాయి, కానీ పూసినవి దాదాపు రెండు వారాలు నిలిచాయి, అదీ పగలు 30 డిగ్రీలు దాటుతుంటే! మీగడ రంగు రేకు మధ్యలో ఆకుపచ్చ చార. ఈ రకం పూలు ఎక్కువ రోజులుంటాయని చదివి నమ్మలేదు, ఇప్పుడు నమ్ముతున్నా.

మొత్తం నలభై నాలుగు రోజులు బాల్కనీలోనో వరండాలోనో ఏదో ఒక పువ్వు ఉంది. గడ్డలన్నీ కంపోస్టులోకి పోతాయి. పూత అయ్యాక పిల్లగడ్డలు పెరగడానికి చల్లటి వసంతం కావాలి, మనకు మార్చి అంటే ఉగాది ఎండలే.

వచ్చే ఏడు: అపెల్డూర్న్ మూడు, మొహమాటానికి. స్ప్రింగ్ గ్రీన్ ఇరవై, ఇంకో మూడు వారాలు అదనంగా ఫ్రిజ్‌లో ఉంచి. లేడీ జేన్ పాతిక. క్వీన్ ఆఫ్ నైట్ మీద పంతం ఇంకా పోలేదు, పదహారు వారాలు చలిలో పెట్టి చూడాలి. అంటే దసరా, దీపావళి రెండింటికీ కింది అర నాదే. అత్తకు ఇంకా చెప్పలేదు.